దగ్గరి బంధువు

మానవ అవయవాల మార్పిడి చట్టాన్ని పార్లమెంటు 1994లో చేసింది. దాన్ని చదువుతుంటే నన్ను మొదట ఆపిన మాట వైద్యానికి సంబంధించింది కాదు, చుట్టరికానికి సంబంధించింది. బతికున్న మనిషి తన కిడ్నీనో, కాలేయంలో ఒక ముక్కనో ఎవరికి ఇవ్వచ్చు? ‘దగ్గరి బంధువు’కి. ఎవరా దగ్గరి బంధువు? భార్య లేదా భర్త, కొడుకు, కూతురు, తల్లి, తండ్రి, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు. అంతే. మేనమామ లేడు, మేనత్త లేదు. పిన్ని, బాబాయి, బావ, వదిన ఎవరూ లేరు.

మన వైపు పుట్టెంట్రుకలు తీయించే రోజు నుంచి పెళ్ళికూతుర్ని బుట్టలో మోసుకొచ్చే రోజు దాకా మేనమామ లేనిదే పని నడవదు. అదే మేనమామ కిడ్నీ ఇస్తానంటే మాత్రం ఒక కమిటీ ముందు కూర్చుని, తనకి ఆ పిల్లాడి మీద ఉన్నది అభిమానమేననీ, డబ్బులు చేతులు మారలేదనీ నిరూపించుకోవాలి. మేనరికం చేసుకున్న ఇంట్లో ఆయన మేనకోడలికి భర్త అయ్యుంటే ఆ బాధ లేదు, భర్త హోదాలో జాబితాలోకి వచ్చేస్తాడు. 2011లో చట్టాన్ని సవరించినప్పుడు తాతలు, అమ్మమ్మలు, నాయనమ్మలు, మనవలు కూడా చేరారు. కానీ ప్రజారోగ్యం రాష్ట్రాల చేతిలోని విషయం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1995లో సొంతంగా ఒక చట్టం చేసుకుంది కాబట్టి కేంద్ర సవరణ దానంతటది ఇక్కడికి రాలేదు. తెలంగాణ శాసనసభ దాన్ని తెచ్చుకుంటూ తీర్మానం చేసింది 2025 మార్చిలో. అంటే మనవడికి నాయనమ్మ దగ్గరి బంధువని చట్టం ఒప్పుకోడానికి మనకి పద్నాలుగేళ్ళు పట్టింది.

ఈ వ్యాసం ఆ మాట గురించే. అవయవ మార్పిడి చరిత్ర రాసేవాళ్ళు సర్జన్ల పేర్లు, మందుల పేర్లు, తేదీలు రాస్తారు. అవి కావాలి. కానీ ఆపరేషన్ థియేటర్లో జరిగేది మూడు నాలుగు గంటల పని. ఆ తర్వాత ఆ కిడ్నీ ఎన్నేళ్ళు పనిచేస్తుందన్నది చాలావరకు పేషెంటు ఇల్లు, కూలి, బస్సు, నీళ్ళు, చుట్టాల మీద ఆధారపడి ఉంటుంది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వైపు ఆ చరిత్ర ఎలా నడిచిందో చూద్దామని నా ప్రయత్నం. నేను డాక్టర్ని కాదు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. అయితే ఆ మూడు ఊళ్ళూ నాకు బాగా తెలుసు, కిడ్నీ మార్పిడి జరిగిన రెండు మూడు ఇళ్ళు ఇంకా బాగా తెలుసు.

రాయవేలూరు రోజులు

1954 డిసెంబరు 23న బోస్టన్‌లో జోసెఫ్ మర్రే బృందం ఒక యువకుడి కిడ్నీ తీసి అతని సోదరుడికి అమర్చింది. వాళ్ళు ఒకే పోలికలున్న కవలలు. అందుకే శరీరం ఆ కిడ్నీని పరాయిదిగా గుర్తించలేదు. కవలలు కాని మిగతా ప్రపంచానికి దారి దొరకాలంటే శరీరపు కాపలాని అణిచే మందులు కావాలి. 1983లో అమెరికా సైక్లోస్పోరిన్‌కి అనుమతి ఇచ్చాక లెక్క మారింది. ఈలోపు 1971లోనే వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో బతికున్న దాత నుంచి కిడ్నీ మార్పిడి మన దేశంలో తొలిసారిగా విజయవంతమైంది.

మన ఊళ్ళలో వేలూరుని రాయవేలూరు అనేవాళ్ళు. ‘రాయవేలూరు తీస్కపోయిన్రు’ అన్నారంటే రోగం ముదిరిందనీ, పొలం అమ్మకానికి వచ్చిందనీ రెండర్థాలు. 1980ల చివర్లో హైదరాబాద్ నిమ్స్‌లో కిడ్నీ మార్పిడులు మొదలయ్యాక దూరం తగ్గింది. అయినా ఆపరేషన్ దాకా వెళ్ళడం రెండో మెట్టు. మొదటి మెట్టు డయాలసిస్. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి సుమారు నాలుగు గంటలు. కోదాడ నుంచి హైదరాబాద్‌కి 175 కిలోమీటర్ల పైమాటే. పోనూ రానూ 350 అనుకుందాం. వారానికి మూడుసార్లంటే 1,050 కిలోమీటర్లు. ఏడాదికి దాదాపు 55,000. భూమి చుట్టుకొలత 40,000 చిల్లర. అంటే కోదాడ పేషెంటు బతికుండడానికి ఏడాదిలో భూమిని ఒకసారి చుట్టి, రెండోసారి మూడోవంతు పైగా తిరగాలి. అదీ ఒంట్లో నీరు పట్టి, ఊపిరాడని మనిషి, ఆర్టీసీ బస్సులో, పక్కన ఒక తోడుతో. ఆ తోడు కూలి కూడా ఆ రోజుకి పోయినట్టే.

ఈ లెక్క తేలేది కాదు కాబట్టి చాలామంది రెండు మార్గాలు పట్టారు. కొందరు హైదరాబాద్‌లో గది అద్దెకి తీసుకుని ఊరు వదిలారు. ఎక్కువమంది వారానికి మూడు డయాలసిస్‌లని రెండు చేసుకున్నారు, రెండుని ఒకటి చేసుకున్నారు, తర్వాత మానేశారు. వాళ్ళ పేర్లు ఏ ఆసుపత్రి రికార్డులోనూ ‘డబ్బుల్లేక చనిపోయారు’ అని ఉండవు. కిడ్నీలు ఖరాబై పోయారనే ఉంటుంది.

కృష్ణకి అటూ ఇటూ

దాత దొరకని వాళ్ళ దగ్గర డబ్బు, డబ్బు లేని వాళ్ళ దగ్గర కిడ్నీ ఉన్న చోట బేరం పుడుతుంది. 1994 చట్టం వచ్చిందే ఆ బేరాన్ని ఆపడానికి. శిక్ష రెండు నుంచి ఏడేళ్ళ జైలు, జరిమానా పది నుంచి ఇరవై వేల రూపాయలు. 2011 సవరణ దాన్ని ఐదు నుంచి పదేళ్ళ జైలుగా, ఇరవై లక్షల నుంచి కోటి రూపాయల జరిమానాగా మార్చింది. అంకెలు అంత పెరిగాయంటే బేరం ఆగలేదని అర్థం.

మిర్యాలగూడ నుంచి దక్షిణానికి వెళ్ళి వాడపల్లి దగ్గర కృష్ణ దాటితే పల్నాడు. 2000 సంవత్సరం ప్రాంతంలో అక్కడ రెంటచింతల వైపు రైతులు అప్పులు తీర్చడానికి కిడ్నీలు అమ్ముకున్నారన్న వార్తలు పత్రికలకెక్కాయి. 2016 జనవరిలో నది ఇవతల నల్గొండ పోలీసులు ఒక ముఠాని పట్టుకున్నారు. మనుషుల్ని కొలంబో తీసుకెళ్ళి అక్కడి ఆసుపత్రుల్లో కిడ్నీలు తీయించే ముఠా అది. ఆ కేసు తర్వాత శ్రీలంక విదేశీయులకి కిడ్నీ మార్పిడులని నిలిపివేసింది. 2025 జనవరిలో హైదరాబాద్ సరూర్‌నగర్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రి అనుమతుల్లేకుండా కిడ్నీ మార్పిడులు చేస్తూ దొరికింది. శాసనసభ తీర్మానం వచ్చింది సరిగ్గా ఆ తర్వాతే.

అమ్ముకున్న వాళ్ళకి ఏం మిగిలింది? దీనికి మన పక్క రాష్ట్రం నుంచి గట్టి జవాబు ఉంది. 2001లో చెన్నైలో కిడ్నీ అమ్ముకున్న 305 మందిని అడిగి చేసిన అధ్యయనం 2002లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో అచ్చయింది. వాళ్ళలో 96 శాతం మంది అప్పు తీర్చడానికే అమ్మారు. సగటున చేతికొచ్చింది వెయ్యి డాలర్ల పైచిలుకు. అమ్మిన తర్వాత కుటుంబాల ఆదాయం మూడోవంతు పడిపోయింది. నాలుగింట మూడొంతుల మంది అడిగే నాటికి ఇంకా అప్పుల్లోనే ఉన్నారు. అమ్మిన వాళ్ళలో 71 శాతం మంది ఆడవాళ్ళు.

ఈ చివరి అంకెని అర్థం చేసుకోవడానికి లారెన్స్ కోహెన్ అనే మానవశాస్త్రవేత్త 1999లో రాసిన వ్యాసం సాయపడుతుంది. చెన్నై పేటల్లో కిడ్నీలు అమ్ముకున్న ఆడవాళ్ళతో మాట్లాడి ఆయన గమనించిన విషయం ఒకటుంది: వాళ్ళలో చాలామందికి అంతకుముందే కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయింది. కత్తి వాళ్ళ ఒంటికి కొత్త కాదు. తెలుగు పాఠకులకి దీన్ని విడమర్చి చెప్పనక్కర్లేదు. మన ఊళ్ళలో ‘ఆపరేషన్ అయ్యిందా?’ అని ఆడమనిషిని అడిగితే ఏ ఆపరేషన్ అని ఎవరూ ఎదురడగరు. ఆడవాళ్ళకి ఈ ఆపరేషన్లు దేశంలోనే ఎక్కువగా, చిన్న వయసులోనే జరిగే చోట్లలో మన రెండు రాష్ట్రాలూ ఉన్నాయి. ఇంటికోసం ఒళ్ళు కోయించుకోవడం ఆడమనిషి బాధ్యతేనన్న నమ్మకం కిడ్నీ కంటే ముందే వచ్చి కూర్చుంది.

కార్డు వచ్చాక

2007 ఏప్రిల్‌లో మూడు జిల్లాల్లో మొదలైన రాజీవ్ ఆరోగ్యశ్రీ మరుసటి ఏడాదికల్లా రాష్ట్రమంతా వచ్చింది. దాని మీద విమర్శలు చాలా ఉన్నాయి. ప్రభుత్వ డబ్బు కార్పొరేట్ ఆసుపత్రులకి మళ్ళిందన్న మాటలో నిజం ఉంది. కానీ కిడ్నీ పేషెంటు వైపు నుంచి చూస్తే అది ఒక గీత. తెల్ల కార్డు ఉన్న కూలి మనిషికి కిడ్నీ మార్పిడి అనేది మొదటిసారి ఊహించదగ్గ విషయమైంది. తెలంగాణ వచ్చాక జీవితాంతం వాడాల్సిన మందుల్ని కూడా ఉచితం చేశారు. 2023 డిసెంబరు 9 నుంచి ఆరోగ్యశ్రీ పరిమితి పది లక్షలైంది.

డయాలసిస్ కూడా దగ్గరికొచ్చింది. హైదరాబాద్‌లోని పెద్దాసుపత్రులు కేంద్రాలుగా, జిల్లా, ఏరియా ఆసుపత్రులు శాఖలుగా తెలంగాణ ఒక ఏర్పాటు చేసింది. సూర్యాపేటలో, మిర్యాలగూడలో సర్కారు దవాఖానలోనే యంత్రాలు వచ్చాయి. 2016 అక్టోబరులో సూర్యాపేట జిల్లా అయింది, 2019లో మెడికల్ కాలేజీ వచ్చింది. 2022 ఆగస్టు నుంచి డయాలసిస్ పేషెంట్లకి నెలకి 2,016 రూపాయల ఆసరా పెన్షన్ మొదలైంది. 55,000 కిలోమీటర్ల లెక్క ఇవాళ చాలామందికి వర్తించదు. ఈ మార్పుని చిన్నది చేసి మాట్లాడటం అన్యాయం.

అయితే కార్డు ఆపరేషన్ దాకా తీసుకెళ్తుంది. అసలు కథ డిశ్చార్జి నాటి సాయంత్రం మొదలవుతుంది.

పొద్దున ఎనిమిది, రాత్రి ఎనిమిది

కొత్త కిడ్నీని శరీరం తిప్పికొట్టకుండా ఉండాలంటే టాక్రోలిమస్ లాంటి మందు సాధారణంగా పన్నెండు గంటలకోసారి వేసుకోవాలి. ఏడాదికి 730 సార్లు, బతికినన్నాళ్ళూ. రక్తంలో దాని మోతాదు ఎక్కువైతే కిడ్నీకే ముప్పు, తక్కువైతే శరీరం కిడ్నీ మీద పడుతుంది. అందుకే ఆ మోతాదుని రక్తపరీక్షతో చూస్తూ ఉండాలి.

ఇప్పుడు దీన్ని మన ఊరి జీవితంలో పెట్టి చూడండి. మిర్యాలగూడ బియ్యం మిల్లులో పనిచేసే హమాలీకి కొత్త కిడ్నీ వచ్చిందనుకుందాం. ఆపరేషన్ తర్వాత కొన్ని నెలలు బరువులు ఎత్తకూడదు. ఆ తర్వాతా తవుడు, ఊక దుమ్ములో నిలబడకూడదు, ఎందుకంటే ధాన్యపు దుమ్ములో ఉండే బూజు మామూలు మనిషికి దగ్గుతో పోతుంది, రోగనిరోధక శక్తిని అణిచిపెట్టిన మనిషికి ఊపిరితిత్తుల్లో కూర్చుంటుంది. సాగర్ ఎడమ కాలువ కింద నాట్లేసే మనిషికి బురద, పశువులు, పురుగుమందు ఉంటాయి. డాక్టరు చెప్పేది ఒకటే మాట: ‘జాగ్రత్తగా ఉండండి, వేరే పని చూసుకోండి’. ఆ వేరే పని ఎక్కడుంది? కిడ్నీ వచ్చింది, కూలి పోయింది. ఈ రెండింటికీ మధ్య ఇరుక్కున్న మనిషి ఆరు నెలలు ఓపిక పట్టి మళ్ళీ మిల్లుకి వెళ్తాడు.

తర్వాత జ్వరం వస్తుంది. జ్వరానికి మన ఊళ్ళలో మొదట వచ్చేది ఆర్.ఎం.పి. నేను ఆయన్ని తిట్టడానికి రాయట్లేదు. అర్ధరాత్రి తలుపు కొడితే లేచేది ఆయనే, అప్పు పెట్టేదీ ఆయనే. కానీ ఆయన పెట్టెలో ఉన్న కొన్ని మామూలు మందులు ఈ పేషెంటుకి మామూలువి కావు. క్లారిత్రోమైసిన్, ఫ్లుకోనజోల్ టాక్రోలిమస్ మోతాదుని పైకి లేపుతాయి. క్షయకి వాడే రిఫాంపిసిన్ దాన్ని కిందికి తోసేస్తుంది. ఒంటినొప్పులకి వేసే డైక్లోఫెనాక్ నేరుగా కిడ్నీని దెబ్బతీస్తుంది. మార్పిడి పేషెంట్లలో క్షయ మన దేశంలో అరుదేం కాదు. అంటే ప్రమాదం మందుల షాపులోనే కూర్చుని ఉంది. కార్పొరేట్ ఆసుపత్రి ఇచ్చిన డిశ్చార్జి కాగితం ఇంగ్లీషులో ఉంటుంది. ఆర్.ఎం.పి.కి అది అందదు, అందినా ఎవరూ చూపించరు.

2020 ఏప్రిల్‌లో ఈ సన్నటి తాడు ఎంత బిగిసిందో సూర్యాపేట చూసింది. కూరగాయల మార్కెట్ దగ్గర మొదలైన కరోనా కేసులతో ఊరు మొత్తం రాష్ట్రం నోట్లో పడింది. బస్సులు లేవు. ఊళ్ళకి ముళ్ళకంపలు అడ్డం పెట్టారు. నెలకోసారి హైదరాబాద్ వెళ్ళి మందులు తెచ్చుకునే వాళ్ళకి ఆ నెల ఎలా గడిచిందో నాకు తెలిసిన ఒక ఇంట్లో విన్నాను. రోజుకి రెండు పూటల మందుని లెక్కపెట్టుకుని, పోలీసుల దగ్గర పాసు తీసుకుని, కూరగాయల ఆటోలో వెళ్ళే మనిషికి చీటీ ఇచ్చి తెప్పించుకున్నారు. మందు ఉచితమే. మందుకి దారే లేదు.

ఈ మధ్య జరిగిన ఒక మేలు ఎక్కడా ఆరోగ్య పథకంగా లెక్కకి రాలేదు. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్ళకి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో ప్రయాణం ఉచితం. పేషెంటు మగవాడైతే టికెట్ కొనాలి, కానీ తోడుగా వచ్చే భార్యకో తల్లికో అక్కర్లేదు. ఇద్దరి ఛార్జీల్లో ఒకటి తగ్గడం వల్ల రెండు నెలలకోసారి వెళ్ళేవాళ్ళు నెల నెలా వెళ్ళడం నేను చూశాను.

ఇచ్చేది ఎవరు, పుచ్చుకునేది ఎవరు

ఆ బస్సులో తోడుగా కూర్చున్న ఆడమనిషి చాలాసార్లు కేవలం తోడు కాదు, దాత కూడా. జాతీయ అవయవ, కణజాల మార్పిడి సంస్థ లెక్కల ప్రకారం 1995 నుంచి 2021 దాకా దేశంలో జరిగిన 36,640 మార్పిడుల్లో అవయవాలు అందుకున్న మగవాళ్ళు 29,695 మంది, ఆడవాళ్ళు 6,945 మంది. ఐదుగురిలో నలుగురు మగవాళ్ళు. బతికుండి దానం చేసేవాళ్ళలో మాత్రం ఎక్కువమంది ఆడవాళ్ళే.

దీనికి శరీరశాస్త్రంలో ఒక చిన్న కారణం ఉంది. గర్భం దాల్చినప్పుడు బిడ్డ ద్వారా భర్త కణజాలానికి వ్యతిరేకంగా ఆమె రక్తంలో ప్రతిరక్షకాలు పుట్టచ్చు. తర్వాత ఎప్పుడైనా ఆమెకి కిడ్నీ కావాల్సివస్తే భర్తదో, కన్నబిడ్డదో కుదరడం కష్టమవుతుంది. అంటే పిల్లల్ని కన్నందుకే ఆమెకి దాతలు తగ్గుతారు. కానీ ఒకటికి నాలుగున్న తేడాని ఇదొక్కటే తేల్చలేదు. ‘సంపాదించే మనిషి ముందు’ అన్న మాట, ‘పిల్లలున్నారు, నువ్వే చూసుకోవాలి’ అన్న మాట, ‘మావాడి ఒళ్ళు కోయిస్తారా’ అన్న అత్తగారి మాట మిగతా తేడాని పూడుస్తాయి. పెళ్ళయిన ఆడపిల్లకి కిడ్నీలు పోతే ఆమెని పుట్టింటికి పంపడం మా వైపు విననిదేం కాదు. చట్టం భర్తని దగ్గరి బంధువుల జాబితాలో పెట్టింది. ఆపద రాగానే ఆ జాబితాలోంచి తనంతట తనే తప్పుకునేవాడూ అతనే.

ఇచ్చిన తర్వాత ఆమె సంగతి? పేషెంటుకి ఫైలు ఉంటుంది, దాతకి ఉండదు. కోదాడ దగ్గర నాకు చుట్టరికం ఉన్న ఒక ఇంట్లో భర్త మందులకి ఫోన్‌లో రెండు అలారాలు, గోడ మీద బీపీ రాసుకునే కాగితం ఉన్నాయి. కిడ్నీ ఇచ్చిన భార్యకి ఆ యంత్రం ఎప్పుడు పెట్టి చూశారని అడిగితే ఆమె నవ్వి, ‘నాకేమైంది, మంచిగనే ఉన్న’ అంది. ఒక కిడ్నీతో బతికే మనిషి ఏడాదికోసారైనా బీపీ, క్రియాటినిన్ చూపించుకోవాలి. ఆపరేషన్ అయిన నెలన్నరకే ఆమె మిరపతోటలోకి దిగింది.

పరాయి గుండె, మనవాళ్ళ కిడ్నీ

ఫ్రెంచి తత్వవేత్త జాఁ-లుక్ నాన్సీకి 1991లో గుండె మార్పిడి జరిగింది. ఆ అనుభవం మీద ‘చొరబాటుదారు’ అని అర్థం వచ్చే పేరుతో 2000లో చిన్న పుస్తకం రాశాడు. ఎవరో తెలియని మనిషి గుండె తనలో కొట్టుకుంటుంటే ‘నేను’ అనే మాటకి అర్థమేమిటన్నది ఆయన ప్రశ్న. నాకు ఇష్టమైన పుస్తకం. కానీ అది సూర్యాపేటలో రాసుంటే వేరేగా ఉండేది. ఇక్కడ ఒంట్లోకి వచ్చేది పరాయివాళ్ళది కాదు, అమ్మదో భార్యదో. తెలియని దాతకి ఎవరూ రోజూ పొద్దున్నే మొహం చూపించనక్కర్లేదు. అమ్మకి చూపించాలి. మందు ఒక పూట మర్చిపోతే అది తన ప్రాణంతో చెలగాటమే కాదు, ఆమె ఇచ్చినదాన్ని పారేయడం కూడా. ఆ అప్పు బరువు గురించి మన సాహిత్యం ఇంకా రాయాల్సినంత రాయలేదనిపిస్తుంది.

పరాయి అవయవం దారీ మనకి ఉంది. నిమ్స్ కేంద్రంగా 2013 నుంచి నడుస్తున్న జీవన్‌దాన్ ద్వారా బ్రెయిన్‌డెడ్ అయినవాళ్ళ అవయవాల్ని పంచుతున్నారు. 2023లో తెలంగాణలో 252 కుటుంబాలు ఒప్పుకున్నాయి. ఆ ఏడాది దేశంలో ఏ రాష్ట్రంలోనూ అంతమంది లేరు. గర్వపడాల్సిన అంకె. దాని పక్కనే ఒక సంగతి గుర్తుంచుకోవాలి. బ్రెయిన్‌డెడ్ అయ్యేవాళ్ళలో రోడ్డు ప్రమాదాల్లో తలకి దెబ్బ తగిలినవాళ్ళు చాలామంది. హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్ళే 65వ నంబరు జాతీయ రహదారి సూర్యాపేట, కోదాడల మీదుగా పోతుంది. హెల్మెట్ లేకుండా ఆ రోడ్డు దాటే బైకు మీద ఉండేది ఎవరో మనకి తెలుసు. జాబితాలో పేరుండి, అర్ధరాత్రి ఫోన్ వస్తే గంటల్లో ఆసుపత్రికి చేరుకోగలిగేది ఎవరో కూడా తెలుసు. నగరంలో ఉండేవాళ్ళకి, కారున్నవాళ్ళకి, పరీక్షలన్నీ ముందే చేయించుకుని ఉన్నవాళ్ళకి అది తేలిక. నా కంపెనీ ఇచ్చే ఇన్సూరెన్స్ మా అమ్మానాన్నలకి వర్తిస్తుంది. వాళ్ళకే గనక అవసరమొస్తే ఆ వరసలో కోదాడ కూలీ కంటే ముందు నిలబడే వీలు వాళ్ళకే ఎక్కువ. జీవన్‌దాన్ నియమాలు తప్పాయని కాదు. నియమం అందరికీ ఒకటే. అక్కడిదాకా చేరే దూరమే ఒకటి కాదు.

చట్టంలో ఇంకో వాక్యం

మళ్ళీ 1994 చట్టానికి వస్తాను. అవయవానికి డబ్బు తీసుకోవడం నేరమని చెప్పిన ఆ చట్టమే, ‘చెల్లింపు’ అంటే ఏమిటో నిర్వచిస్తూ రెండు మినహాయింపులు పెట్టింది. అవయవాన్ని తీయడానికి, తరలించడానికి, భద్రపరచడానికి అయ్యే ఖర్చు చెల్లింపు కిందికి రాదు. దానం చేయడం వల్ల నేరుగా ఆ మనిషికి అయిన ఖర్చులు, పోయిన సంపాదన తిరిగివ్వడం కూడా రాదు. అంటే కిడ్నీ ఇచ్చిన తల్లి మంచంలో ఉన్న రోజుల కూలి ఆమెకి కట్టివ్వడానికి చట్టం అడ్డం కాదు. మొదటి రోజు నుంచీ అడ్డం కాదు.

ముప్పై ఏళ్ళుగా మనం ఆ చట్టంలో శిక్షల భాగాన్ని చదువుతున్నాం. ముఠా దొరికినప్పుడల్లా దాన్ని పెంచుతున్నాం. ఈ రెండో వాక్యాన్ని చదివి పథకంగా మార్చడానికి పెద్ద ఖర్చేం కాదు. దాతకి మూడు నెలల కూలి, ఏడాదికోసారి పరీక్ష, సూర్యాపేట మెడికల్ కాలేజీలోనే రక్తం తీసుకుని హైదరాబాద్ పంపే ఏర్పాటు, డిశ్చార్జి కాగితం తెలుగులో, అందులో ‘ఈ మందులు ఇవ్వకండి’ అని ఆర్.ఎం.పి.కి అర్థమయ్యేలా పది పేర్లు. ఇందులో ఏదీ సర్జన్ చేయాల్సిన పని కాదు. దగ్గరి బంధువు ఎవరని అడిగితే మన చట్టం ఇంట్లోవాళ్ళ పేర్లే చెప్తుంది. ఇంట్లోవాళ్ళు ఇవ్వాల్సింది ఇచ్చారు. ఆ జాబితాలో ఇంకా చేరాల్సింది సర్కారు.